ఎర పెట్టుటయు వేటయే



దున్నదూడను చెట్టునకు కట్టి, మంచెపై తుపాకితో పొంచియుండుట ఒకనాడు దొరల వినోదము. జాడపట్టి వెదకువాడే వేటగాడనియు, ఎర పెట్టువాడు కపటియనియు వారిలోనే వాదముండెను. అయినను నియమములు వ్రాయించినది తుపాకి గలవారే. 1879 నాటి నీలగిరి వేటచట్టము వెనుక నిలిచినది వేటగాండ్ర సంఘమే. దూడను పెంచిన రైతు నడిగినవారు లేరు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాదమును తేల్చినది: ఎర పెట్టుటయు వేటయే.

వేరుసెనగ చేనిని పందులు పెల్లగించిన రైతు బాధ మేమెరుగుదుము. కాని పందికని పెట్టిన మందుగుండు ఎర మన ఆవు నోటనే పేలవచ్చును. మన గనుల చుట్టు బీళ్లలో కృష్ణజింకలును మేయుచున్నవి. పంటనష్టమునకు అటవీశాఖను పరిహారమడుగుదము. ఎరను మాత్రము మన పొలిమేరలోనికి రానీయకుందము.