బాయిల నుంచి బతికి వచ్చినంక
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని చెప్పుకుంటం. ఈసారి ఆ పుస్తకాల్లో రాయని ఒక ముచ్చట చెప్తం.

మా సంఘంలో ఒక అక్క మూడు నెలలు కిస్తీ కట్టలేదు, మీటింగ్‌కు రాలేదు. నియమం ప్రకారం మేం జరిమానా వేసినం. ఇంటికి పోతే గుమ్మంలోనే ఆపి, "మెల్లగ మాట్లాడుండ్రి, ఇప్పుడే పండుకున్నడు" అన్నది. చాన్నాళ్లకు సంగతి చెప్పింది. వాళ్లాయన పనిచేసే చోట బాయి కప్పు కూలింది. పక్కన ఉన్న మనిషి పోయిండు. ఈయనకు దెబ్బ తగల్లేదు. అందరూ అదృష్టవంతుడన్నరు. కానీ అప్పటి నుంచి రాత్రి కేకలు వేసి లేస్తడు, లైటు ఆర్పనియ్యడు. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ వినపడితే చెమటలు పడ్తయి. మస్టర్లు తగ్గినయి, జీతం తగ్గింది, తాగుడు పెరిగింది. పిల్లలు ఇంట్లో నవ్వుడు మానేసిండ్రు.

బాయి ప్రమాదాలు మనకు తెలియనివి కావు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిండ్రు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు పోయిండ్రు, కొందరు ప్రాణాలతో బయటపడ్డరు. పోయినవాళ్ల లెక్క పేపర్లో వస్తది. బతికి వచ్చినవాళ్ల మనసు గురించి, గని గేటు దగ్గర ఎదురుచూసిన ఆడవాళ్ల గురించి ఎవరూ అడగరు.

డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటరు. ప్రమాదం అయిపోయినా, అది ఇంకా జరుగుతున్నట్టే ఒళ్లు భయపడుతది. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, ఆ జాగ పేరెత్తనియ్యకపోవుడు, కట్టుకున్నదానితో, పిల్లలతో మాట పడిపోవుడు దీని గుర్తులు. ప్రమాదం చూసిన అందరికీ ఇది రాదు. చానామంది కొన్ని వారాల్లో కుదురుకుంటరు. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలె. ఇది పిరికితనం కాదు, గాలి సోకుడు కాదు. మాట్లాడించి చేసే చికిత్స ఉంది, మందులు ఉన్నయి. మందు తాగితే నిద్ర పట్టినట్టే ఉంటది గానీ జబ్బు ముదురుతది.

ఇంట్లో ఇల్లాలు అందరి నడుమ నలుగుతది. ఆయనకు కోపం రాకుండా పిల్లల నోరు మూయిస్తది, చుట్టాలకు అబద్ధం చెప్తది, తను నిద్రపోదు. ఆమెకూ సాయం కావాలె. ఒక్క మాట గట్టిగ చెప్తున్నం: జబ్బు ఉన్నదని దెబ్బలు ఓర్చుకోవద్దు. చెయ్యి చేసుకుంటే 181కి ఫోన్ చెయ్యాలె.

మనసు బాధకు 14416 టెలి మానస్ నంబరు ఉంది. పైసలు అక్కర్లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతరు. ఆ అక్క ముందు తన కోసమే ఫోన్ చేసింది. తర్వాత ఆయన్ని డాక్టరు దగ్గరికి తోలుకపోయింది. పూర్తిగ నయమైందని చెప్పం. కానీ ఇప్పుడు లైటు ఆర్పి పండుకుంటున్నడు.

ఆమెకు వేసిన జరిమానా మేం రద్దు చేసినం. అడగకుండా వేసినందుకు తప్పు ఒప్పుకున్నం. ఇకమీద ఎవరైనా రెండు మీటింగ్‌లకు రాకపోతే, జరిమానా రాసే ముందు ఇద్దరం ఇంటికి పోయి "ఎట్లున్నవ్ అక్కా" అని అడగాలని మా సంఘంలో తీర్మానం రాసుకున్నం. మీ సంఘాల్లో కూడా రాసుకోవాలని కోరుతున్నం.