కాన్పు భయం – దాన్ని తగ్గించే విద్య

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించి, రంజాన్ రేషన్ గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కాన్పు గురించి నాలుగు మాటలు చెప్పమని మహిళా విభాగం వారు మమ్మల్ని అడిగారు. కాన్పు ఖర్చు గురించి కాదు, కాన్పు భయం గురించి. మేము డాక్టర్లం కాము. బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. కానీ భయం ఒక మనిషి చేత వచ్చిన విద్యను కూడా ఎలా మరిపిస్తుందో, అభ్యాసం ఆ భయాన్ని ఎలా లొంగదీస్తుందో ప్రతి పరీక్షల కాలంలో చూస్తూనే ఉన్నాం. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాం.

పదో తరగతి పరీక్షకు పిల్లల్ని ఏడాది పొడవునా సిద్ధం చేస్తాం. రివిజన్లు పెడతాం, నమూనా పరీక్షలు రాయిస్తాం, హాల్లో ఎలా కూర్చోవాలో కూడా చెబుతాం. మరి తొలిచూలు ఆడపిల్లకు మనం ఏం చెబుతున్నాం? ఏడో నెలలో సత్వాసా చేస్తాం. ఒడి నింపుతాం. మంచివన్నీ వండి పెడతాం. ఆ రోజు తన ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రం చెప్పం. చెప్పేది ఒక్కటే మాట: "ఓర్చుకోవాలి బేటా." ఎలా ఓర్చుకోవాలో ఎవరూ నేర్పరు. ఆ అమ్మాయి చెవిన పడేవన్నీ ఫలానా ఇంట్లో అలా అయిందట, ఇలా అయిందట అనే కథలే.

భయం, బిగువు, నొప్పి

గర్భసంచి ఒక బలమైన కండరం. కాన్పు సమయంలో దాని పైభాగం ముడుచుకుంటూ పైకి లాగుతుంటే, కింది ముఖద్వారం మెల్లగా పలచబడి తెరుచుకుంటుంది. నొప్పి అలలాగా వస్తుంది. మొదలవుతుంది, పెరుగుతుంది, తగ్గిపోతుంది. బలంగా వచ్చే దశలో ఒక్కో నొప్పి ఇంచుమించు ఒక నిమిషం ఉంటుంది. రెండు నొప్పుల మధ్య విరామం ఉంటుంది. ఈ చిన్న విషయం ముందే తెలిసిన అమ్మాయి ఆ విరామంలో విశ్రాంతి తీసుకుంటుంది. తెలియని అమ్మాయి రాబోయే నొప్పిని తలుచుకుని ఆ విరామాన్ని కూడా భయంతోనే గడుపుతుంది.

భయపడినప్పుడు శరీరంలో ఎడ్రినలిన్ పెరుగుతుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. దవడలు, భుజాలు, తొడలు బిగుసుకుంటాయి. కాన్పును నడిపించే ఆక్సిటోసిన్ అనే హార్మోను పనికి ఇది అడ్డు తగులుతుంది. తల్లి త్వరగా అలసిపోతుంది, నొప్పి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. నొప్పి పెరిగితే భయం మళ్లీ పెరుగుతుంది. ఈ గుండ్రాన్ని ఇంగ్లండు వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో వెలువడిన తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చారు. భయం, బిగువు, నొప్పి అని మూడు మాటల్లో చెప్పారు. అంతకు కొద్దికాలం ముందే అమెరికాలో ఎడ్మండ్ జాకబ్సన్ ఒక్కొక్క కండరాన్ని బిగించి వదులుతూ ఒళ్లంతా సడలించే పద్ధతిని 1929లో గ్రంథస్థం చేశారు. ఫ్రాన్సులో ఫెర్నాండ్ లమాజ్ 1951లో సోవియట్ దేశం వెళ్లి, అక్కడి గర్భిణులకు ఇస్తున్న శిక్షణ చూసి వచ్చి, పారిస్‌లో ఊపిరి సాధన నేర్పించడం మొదలుపెట్టారు. 1989లో అమెరికాలో మేరీ మోంగన్ వీటికి స్వీయ సమ్మోహనాన్ని జోడించి "హిప్నోబర్తింగ్" అని పేరు పెట్టారు. పేరు కొత్తదే గాని, లోపలి సరుకు మూడే: ఊపిరి, సడలింపు, మంచి మాట.

ఇది వశీకరణమా?

హిప్నోసిస్ అనగానే మన ఇళ్లలో జాదూ, మంత్రం, వశీకరణం అనే మాటలు వస్తాయి. స్టేజీ మీద మనుషుల్ని ఆడించే ప్రదర్శనలు గుర్తొస్తాయి. ఇక్కడ చెబుతున్నది అది కాదు. ఇందులో ఎవరూ ఎవరి మీదా పెత్తనం చేయరు. తల్లి నిద్రపోదు, స్పృహలోనే ఉంటుంది, కావాలనుకున్నప్పుడు కళ్లు తెరిచి మాట్లాడుతుంది. మంచి నవల చదువుతూ పొయ్యి మీద పాలు పొంగిన సంగతి గమనించని వాళ్లు మనలో ఎంతమంది లేరు! మనసు ఒకచోట నిలిస్తే మిగతావి దూరమవుతాయి. ఆ శక్తిని కావాలని, అభ్యాసంతో వాడుకోవడమే ఇది.

మన దేశానికీ దీనితో పాత సంబంధం ఉంది. మత్తుమందు రాకముందు, 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లండు సర్జన్ ఇలాంటి పద్ధతితోనే రోగులను శాంతపరచి శస్త్రచికిత్సలు చేశారు. హుగ్లీ అంటే హాజీ ముహమ్మద్ మొహ్సిన్ గారి ఊరు. ఆయన వక్ఫ్ చేసిన ఆస్తి ఆదాయంతో 1836లో అక్కడ కళాశాల వెలసింది. దాతృత్వమూ విద్యా వైద్యాలూ ఒకే ఊళ్లో పక్కపక్కన నడిచిన చోటు అది. తర్వాత ఈథర్, క్లోరోఫాం వచ్చాయి కాబట్టి ఆ పద్ధతి వెనకబడింది. అది న్యాయమే. మందు చేయగలిగిన పని మందు చేయాలి. కానీ మనసుతో జరిగే పని కూడా ఒకటుందని అప్పుడే తేలింది.

ఇంట్లో చేయగలిగిన సాధన

ఏడో నెల నుంచి రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. ముందుగా పరీక్ష చేస్తున్న డాక్టరు గారికి చెప్పాలి. ఎడమ వైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలి. లేదా గోడకు ఆనుకుని కూర్చోవాలి. నెలలు నిండుతున్నప్పుడు చాలాసేపు వెల్లకిలా పడుకోవడం మంచిది కాదు.

మొదటిది ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చాలి. ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. వదలడం ఎప్పుడూ పీల్చడం కంటే నిదానంగా ఉండాలి. ఊపిరి బిగబట్టకూడదు. తల తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. లెక్కకు బదులు అలవాటైన జిక్ర్ చేసుకుంటామంటే మరీ మంచిది. ఈ తరగతికి వచ్చే హిందూ, క్రైస్తవ సోదరీమణులు తమ ప్రార్థన తాము చేసుకోవచ్చు.

రెండోది సడలింపు. పాదాలు బిగించి వదలాలి. తర్వాత పిక్కలు, తొడలు, అరచేతులు, భుజాలు, చివరికి ముఖం. దవడను మరవకూడదు. పళ్లు బిగబట్టిన మనిషి ఒళ్లంతా బిగబట్టినట్టే. పొత్తికడుపును మాత్రం బిగించే పని లేదు.

మూడోది మాట. "నా వల్ల కాదు" అనే మాట స్థానంలో "ఇది ఒక్క నిమిషం, తగ్గిపోతుంది", "ప్రతి అల బిడ్డను దగ్గర చేస్తుంది" అనే మాటలు రోజూ తనకు తాను చెప్పుకోవాలి. ఎక్కాలు కంఠతా వచ్చినట్టు అవి నోటికి రావాలి. అప్పుడే ఆ గదిలో గుర్తొస్తాయి. నొప్పులు మొదలైన రోజున నేర్చుకుందామంటే కుదరదు. పరీక్ష రోజు పొద్దున పుస్తకం తెరిచినట్టే ఉంటుంది.

ఎంతవరకు నమ్మాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పడం మా వృత్తి ధర్మం. హిప్నోబర్తింగ్ చేస్తే నొప్పే ఉండదని చెప్పి వేల రూపాయలు వసూలు చేసేవాళ్ల మాట నమ్మకండి. 2016లో కాక్రేన్ సంస్థ తొమ్మిది అధ్యయనాలను, సుమారు మూడు వేల మంది తల్లుల అనుభవాన్ని కలిపి చూసింది. సమ్మోహన సాధన చేసినవారిలో నొప్పి మందుల వాడకం మొత్తం మీద కొంత తగ్గవచ్చని, వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మాత్రం తగ్గలేదని తేలింది. ఇంగ్లండులో 680 మంది తొలిచూలు తల్లులతో చేసి 2015లో ప్రకటించిన పరిశీలనలోనూ ఎపిడ్యూరల్ వాడకంలో తేడా కనిపించలేదు. కానీ శిక్షణ పొందినవారు తాము ముందు అనుకున్నంతగా భయపడలేదని, ఆందోళన తక్కువగా ఉందని కాన్పు తర్వాత చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఊపిరి సాధన, కండరాల సడలింపు వంటివాటిని కోరుకున్న ఆరోగ్యవంతులైన తల్లులకు అందించమని సిఫారసు చేసింది. అంటే ఈ విద్య నొప్పిని మాయం చేయదు, భయాన్ని తగ్గిస్తుంది. అది చిన్న మేలు కాదు.

ఇక్కడ మరొక మాట గట్టిగా చెప్పాలి. కాన్పు కష్టమైనదని మన గ్రంథమే చెబుతోంది. తల్లి బాధ మీద బాధ భరించి మోసిందని గుర్తుచేస్తోంది. హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలామ్) అంతటి పుణ్యవతి ఖర్జూరపు చెట్టు మొదలును ఆనుకుని, ఇంతకు ముందే చనిపోయినా బాగుండేదని వాపోయిన సంగతి ఖుర్ఆన్‌లో ఉంది. ఆమెను ఎవరూ మందలించలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది. కాళ్ల దగ్గర నీటి ఊట, తినడానికి తాజా ఖర్జూరాలు అందాయి. ధైర్యవచనం, నీళ్లు, ఆహారం, ప్రశాంతమైన చోటు – పురిటి మనిషికి కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి. కాబట్టి నొప్పికి కేకవేసిన అమ్మాయికి సబర్ లేదనకండి. ఎపిడ్యూరల్ అడిగినా, ఆపరేషన్ అవసరమైనా ఆమె ఓడిపోయినట్టు చూడకండి.

ఆపరేషన్ల సంగతి వచ్చింది గనుక ఒక లెక్క చెబుతాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అవసరమైన సిజేరియన్ రెండు ప్రాణాలు కాపాడుతుంది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఇన్ని పెరగడానికి ఉన్న పలు కారణాల్లో భయం కూడా ఒకటి. "నొప్పులు పడలేను, కోసెయ్యండి" అని అమ్మాయి అడగడం, "ఎందుకొచ్చిన తంటా" అని ఇంటివాళ్లు తలూపడం మన చుట్టూ జరుగుతున్నదే. ఆ భయాన్ని ముందే కొంత దించగలిగితే, ఆపరేషన్ కావాలా వద్దా అన్నది అవసరాన్ని బట్టి తేలుతుంది.

సాధన చేస్తున్నాం కదా అని పరీక్షలు మానడం మాత్రం ప్రాణాంతకం. రక్తస్రావం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్, జ్వరం, ఉమ్మనీరు పోవడం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం – వీటిలో ఏది కనిపించినా ఊపిరి లెక్కలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి.

తోడు ఉండాలి

అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది తోడుకే. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లులపై జరిగిన అధ్యయనాలను 2017లో కలిపి చూసినప్పుడు, కాన్పంతా ఒక మనిషి పక్కన ఉన్న తల్లుల్లో సహజ కాన్పులు ఎక్కువగా, సిజేరియన్లు తక్కువగా ఉన్నాయని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే నిర్ణయించింది. అత్త గాని, అక్క గాని, ఖాలా గాని ఆ తోడు కావచ్చు. కానీ తోడుకు కూడా శిక్షణ కావాలి. నడుము కింద అరచేత్తో గట్టిగా నొక్కిపట్టడం, గుక్కెడు నీళ్లు అందించడం, తాను నిదానంగా ఊపిరి తీస్తూ ఆమె చేత తీయించడం, గొంతు తగ్గించి మాట్లాడటం తెలియాలి. తోడొచ్చిన మనిషే ఏడుస్తుంటే ఆ అమ్మాయి ఎవరిని చూసి ధైర్యం తెచ్చుకోవాలి?

మనం చేయగలిగింది

ప్రిన్సెస్ నీలోఫర్ సేవికల్లో ఒకామె కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖం ఆమె మనసులో ఊరికే ఉండిపోలేదు. 1953లో హైదరాబాద్‌లో తల్లీపిల్లల ఆసుపత్రిగా నిలిచింది. ఈనాటికీ ఎందరో పేదలకు అదే దిక్కు. మనం ఆసుపత్రి కట్టనక్కర్లేదు. మన సంఘం హాలు నెలలో చాలా రోజులు తాళం వేసే ఉంటుంది. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆ తర్వాత వచ్చే ఆదివారం మన హాల్లో రెండు గంటల తరగతి పెడదాం. కావలసినవి పది చాపలు, ఇరవై దిండ్లు, ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సుకు గౌరవ వేతనం, వచ్చిన తల్లికీ ఆమె తోడుకూ ఆటో చార్జీలు, గుప్పెడు ఖర్జూరాలు. దీనికి జకాత్ సొమ్ము తాకవద్దు. దానికి హక్కుదారులు వేరే ఉన్నారు, ఈ తరగతికి కలిగినవాళ్లూ వస్తారు. సాధారణ నిధి నుంచి, ఇష్టపూర్వకంగా ఇచ్చే సదఖా నుంచి నడుపుదాం.

ఈ తరగతికి మతం అడగవద్దు. మగవాళ్లకు కూడా ఏడాదిలో రెండుసార్లు, విడిగా, ఇషా నమాజు తర్వాత ఒక గంట పెడదాం. డబ్బు కట్టడంతో తమ పని అయిపోయిందనుకునే భర్తలకు ఆ గంట చాలా అవసరం.

పలకా బలపం ఇచ్చిన దాత ఒక బిడ్డకు చదువునిస్తాడు. ఈ తరగతికి చాప ఇచ్చిన దాత ఆ బిడ్డ లోకంలోకి వచ్చే ఘడియలో తల్లికి ధైర్యాన్నిస్తాడు. కార్యవర్గం వారు ఈ ప్రతిపాదనను వచ్చే సమావేశంలో తప్పక పరిశీలించాలని కోరుతున్నాం. అల్లాహ్ మన తల్లులందరికీ సులువైన కాన్పును, ఆరోగ్యవంతులైన సంతానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.