వైజాగ్‌లో రోజు అద్దె ఫ్లాట్లు: అది ఇల్లా, హోటలా?

ఈ ఎపిసోడ్‌లో మన వైజాగ్ గురించే మాట్లాడుకుందాం. బీచ్ వ్యూలు, ఫుడ్ స్పాట్లు కాదు, రోజు అద్దె ఫ్లాట్ల గురించి.

ఫోన్ తీసి ఏదైనా బుకింగ్ యాప్‌లో విశాఖపట్నం అని కొట్టండి. హోటళ్ల మధ్యలో మామూలు అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు కూడా రోజు లెక్కన కనిపిస్తాయి. నలుగురు ఫ్రెండ్స్ అరకు వెళ్తూ ఒక రాత్రి ఇక్కడ ఆగాలంటే, హోటల్లో రెండు రూములు తీసుకునే కంటే ఇలాంటి ఫ్లాటే చవగ్గా పడొచ్చు. వంటగది ఉంటుంది, అందరూ కూర్చోడానికి హాలుంటుంది. నేను కూడా వేరే ఊరెళ్తే ఇలాంటివే చూస్తాను. అందుకే ఇవి మంచివా చెడ్డవా అన్నది ఇవాళ్టి ప్రశ్న కాదు. ఆ ఫ్లాట్ ఇల్లా, హోటలా? ఆ సంగతి తేల్చాల్సింది ఎవరు? ప్రశ్న అదీ.

ముందు హోమ్‌స్టే అంటే ఏంటో చూద్దాం. కేంద్ర పర్యాటక శాఖకి ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే స్కీమ్ ఉంది. దాని ప్రకారం ఓనరు కుటుంబంతో అదే ఇంట్లో ఉండాలి. అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు వరకే, మంచాలు 12 దాటకూడదు. అంటే ఓనర్ ఆంటీ కింద ఉంటారు, మీరు పై గదిలో ఉంటారు. రాత్రి పదకొండుకి స్పీకర్ పెడితే ఆవిడే వచ్చి తలుపు కొడతారు. ఇంక వేరే ఇన్‌స్పెక్టర్ ఎందుకు?

కానీ యాప్‌లో ఇంకో రకం కూడా ఉంటుంది. ఓనరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. తలుపుకి నంబర్ లాక్, కోడ్ మీ వాట్సాప్‌కి వస్తుంది. అర్ధరాత్రి గొడవైతే పక్క ఫ్లాట్ వాళ్లు ఎవరికి చెప్పాలి? వాచ్‌మన్‌కి చెప్తారు. పాపం, ఆయన దగ్గర ఓనరు నంబరు కూడా ఉండకపోవచ్చు.

మరి గవర్నమెంట్ చూడట్లేదా అంటే, చూస్తోంది. ఒక్కో ఆఫీసు ఒక్కో ముక్క చూస్తోంది. విదేశీయులు వచ్చి దిగితే బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో అధికారులకి తెలియజేయాలి. అది భద్రత కోసం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరంలేని చిన్న ఓనర్ల విషయంలో, బుకింగ్ మీద పన్ను యాప్ కంపెనీయే కట్టాలి. అది ఖజానా కోసం. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో కొత్త టూరిజం పాలసీ తెచ్చి, టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. అది టూరిస్టుల్ని పెంచడం కోసం. ఇవన్నీ అవసరమే. కానీ ఆ బిల్డింగ్‌లో లిఫ్టు, నీళ్లు, చెత్త, పార్కింగ్ సంగతి? వీటికి దగ్గరగా ఉండేది మన జీవీఎంసీయే. అసలు పట్టు ఉండాల్సింది అక్కడే.

ఇందులో మనకేంటి అంటారా? మీలో చాలామంది అద్దె ఇళ్లలోనే ఉంటారు. మధురవాడలో ఐటీ జాబ్ చేసేవాళ్లు, ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కల చదువుకునేవాళ్లు, గాజువాక వైపు ప్లాంట్లలో పనిచేసేవాళ్లు. ఊరికే ఒక లెక్క వేద్దాం. నెలకి 18,000 అద్దె వచ్చే ఫ్లాట్‌ని రోజుకి 3,000కి ఇస్తే ఆరు రోజుల్లో ఆ డబ్బు వచ్చేస్తుంది. క్లీనింగ్, కరెంటు, యాప్ కమిషన్ తీసేసినా పది రోజులు నిండితే చాలు. ఇంక నెల అద్దెకి మనకెందుకిస్తారు? 2025లో జూన్ 21న యోగా డే ఇక్కడే జరిగింది, నవంబర్‌లో సీఐఐ పార్ట్‌నర్‌షిప్ సమ్మిట్ జరిగింది. ఇలాంటివి పెరిగేకొద్దీ ఓనర్లకి ఆశ కూడా పెరుగుతుంది.

అలాగని ఓనర్లందరినీ విలన్లని చెయ్యను. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో రిటైరై, పీఎఫ్ డబ్బుతో రెండో ఫ్లాట్ కొనుక్కున్న పెద్దాయన ఉంటారు. మందులకి, మనవడి ఫీజుకి ఆ డబ్బే ఆధారం. పూర్తిగా ఆపేస్తే దెబ్బ ఆయనకే.

బయట ఏం చేశారో చూడండి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి, 30 రోజుల్లోపు అద్దెకివ్వాలంటే ఓనరు సిటీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, గెస్టులు ఉన్నప్పుడు తనూ అక్కడే ఉండాలి, ఇద్దరు గెస్టులే. రిజిస్ట్రేషన్ లేని ఇంటి బుకింగ్‌ని యాప్ తీసుకోకూడదు. బార్సిలోనా అయితే టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులన్నీ 2028 నవంబర్‌కల్లా ఎత్తేస్తామని 2024లో ప్రకటించింది. మనకి అంత గట్టి మందు అక్కర్లేదని నా అభిప్రాయం. కానీ న్యూయార్క్ నుంచి ఒకటి తీసుకోవచ్చు: నంబర్ లేకపోతే లిస్టింగ్ లేదు.

నేననేది ఇదీ. ప్రతి రోజు అద్దె ఇంటికీ జీవీఎంసీ ఒక నంబర్ ఇవ్వాలి, యాప్‌లో ఆ నంబర్ కనపడాలి. ఓనరు అక్కడే ఉంటే ఆన్‌లైన్‌లో ఒక ఫారంతో అయిపోవాలి. ఓనరు లేని ఫ్లాట్ అయితే ఊళ్లోనే ఉండే ఒక బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు బిల్డింగ్ నోటీస్ బోర్డు మీద ఉండాలి, అసోసియేషన్‌కి ముందే తెలియాలి. ఏడాది పొడుగునా అదే వ్యాపారమైతే పన్ను కూడా వ్యాపారం లెక్కలోనే కట్టాలి. మన రాష్ట్రంలో ఆస్తి పన్ను చట్టం 2020లో మారింది. నివాసాలకి ఆస్తి విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం, మిగతావాటికి 0.20 నుంచి 2 శాతం. ఆ తేడా రోడ్లకి, చెత్త బళ్లకి వాడొచ్చు.

మీరు ఏం అడుగుతారో తెలుసు. ఇంకో లైసెన్స్ అంటే ఇంకో చెయ్యి తడపడమే కదా అని. భయం నిజమే. అందుకే రూల్ ఎంత చిన్నదైతే అంత మంచిది, ఫీజు అందరికీ కనిపించాలి. ఇంకో మాట. ఈ నంబర్ ఫ్లాట్ గురించి మాత్రమే. లోపల ఉన్న ఇద్దరు మేజర్లకి పెళ్లయిందా లేదా అని ఆరా తీయడానికి కాదు.

ఈలోపు మీరు బుక్ చేసేటప్పుడు మూడు అడగండి. ఓనరు అక్కడే ఉంటారా? లేకపోతే రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి? అసోసియేషన్‌కి తెలుసా? ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

మీ బిల్డింగ్‌లో ఇలాంటి ఫ్లాట్ ఉందా? అద్దెకిచ్చేవాళ్లయినా, పక్కన ఉండేవాళ్లయినా, మీ మాట కామెంట్స్‌లో రాయండి. అడ్రసులు, పేర్లు మాత్రం పెట్టకండి. మళ్లీ కలుద్దాం.