ఊరు విద్యానగర మగుట యెట్లు?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కోరినందులకు కృతజ్ఞుడను. ఏ విషయమును గూర్చి మాటాడుదునని యడుగగా కార్యదర్శిగారు, "మీరు చదివిన యూరిని గూర్చి చెప్పుడు. మన పిల్లలు చదువులకై ఊళ్లు పట్టి పోవుచున్నారు. మంచి చదువుల యూరు ఎట్లుండునో వారికి తెలియవలెను" అని సెలవిచ్చిరి. ప్రశ్న చిన్నదిగనే తోచినది. ఇంటికి పోయి ఆలోచింపగా పెద్దదైనది. కళాశాల యున్న ప్రతి యూరును విద్యానగరము కాజాలదు. అట్లయినచో రహదారి ప్రక్కను నాలుగంతస్తుల మేడ లేచిన ప్రతి చోటును కాశియే కావలసియుండును. మరి ఒక యూరు విద్యానగర మగుటకు ఏమి కావలెను?

దూరపుటుదాహరణములు మనకు అక్కరలేదు. విజయనగర మున్నది. 1713లో పూసపాటివారు అచట కోట కట్టించిరి. 1857లో మహారాజావారి ఆంగ్లపాఠశాల యేర్పడినది. అది 1879లో కళాశాల యైనది. 1860లో సంస్కృత పాఠశాలయు, 1919లో సంగీత పాఠశాలయు వెలసినవి. ఈ చివరిది అంధుడైన యొక బాలుని సంగీతవిద్యకై తలపెట్టగా అందరికిని అక్కరకు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఈ సంస్థలన్నిటికిని ధనము కోటనుండి వచ్చినది. ఆ ఋణమును మరువరాదు. కాని ధనము గోడలను లేపగలదు గాని ఊరిని విద్యానగరముగా చేయజాలదు. తక్కిన పని ఊరివారు చేసిరి. ఎట్లు చేసిరో మనవి చేసెదను.

మొదటిది అన్నము. నవ్వకుడు; చదువునకు మొదటి పెట్టుబడి పుస్తకము కాదు, విస్తరి. గురజాడ అప్పారావుగారు విజయనగరమున విద్యార్థిగా నున్నప్పుడు కళాశాల ప్రధానాధ్యాపకులు చంద్రశేఖరశాస్త్రిగారు ఆయనకు తమ యింట తిండియు నీడయు ఇచ్చిరి. మన శ్రీముఖలింగము దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు, తండ్రి గతించిన పిమ్మట విజయనగరమున బంధువులయింట నుండి మహారాజావారి పాఠశాలలో చదివిరి. ఈ యిరువురును సహాధ్యాయులు. ఆ యిద్దరు కుర్రవాండ్రు తరువాతికాలమున తెలుగు వచనము త్రోవనే మార్చిరి. ఆనాడు ఎవరో ఒకరు తలుపు తీసి లోనికి రమ్మని యుండకపోయినచో ఏమై యుండునో ఊహించుడు. (ఈ యుపన్యాసమును గ్రాంథికచ్ఛాయలో వ్రాసికొని వచ్చితిని. గిడుగువారు విన్నచో నన్ను మందలించియే యుందురు. చిన్ననాటి యలవాటు, క్షమింపుడు.)

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కథ మీలో చాలమంది యెరుగుదురు. ఆయన సంగీతము నేర్వవలెనని ఆ యూరు చేరెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు గురువులైరి. విద్య దొరకినది గాని నిత్యము కడుపు నిండు మార్గము లేకపోయెను. జోలె భుజమున వేసికొని ఇంటింటికిని పోయి వండిన యన్నము అడిగి తెచ్చుకొనెను. దానినే మధుకర మందురు. నేటి పిల్లలకు ఆ మాటయే తెలియదు. ఆ జోలెలో తొలి కబళము వేసిన తల్లి, కళావరు రింగు అని పేరుపొందిన సరిదె లక్ష్మీనరసమ్మగారు. ఆమె నాట్యకళలో ప్రసిద్ధురాలు. కళకు చప్పట్లు కొట్టుచు కులమును చిన్నచూపు చూచిన కాలమది. అట్టి కాలమున ఆమె చేతి యన్నము తెలుగు నేలకొక గాయకుని నిలిపినది.

ఇచట ఒక చేదు నిజము చెప్పక తప్పదు. ఆ జోలె అందరి భుజములకును తగిలినది కాదు. మధుకరము కొన్ని కులముల బాలురకే చెల్లెను. మావంటి సేద్యపు కుటుంబములనుండి వచ్చినవారికి ఆ యాచారము లేదు, ఊరి వెలుపల నుంచబడినవారి పిల్లలకు వీథిలోనికి వచ్చుటయే కష్టము, ఆడుపిల్లలమాట చెప్పనేల? కావున పాతకాలమును పొగడునప్పుడు విస్తరి ఎవరికి పడినదో, ఎవరికి పడలేదో రెండును చెప్పవలెను. మంచి యాచారమును నిలుపుకొనుట యనగా దాని లోపమును దిద్దుకొనుటయే.

రెండవది, ఊరిలో కాపురముండు గురువు. పాఠము చెప్పి సాయంకాలపు బండికి పోవు గురువు విద్యార్థికి పాఠము నిచ్చును. ఊరికి ఏమియు నీయలేడు. సంగీత పాఠశాలకు తొలి ప్రధానాధ్యాపకులు ఆదిభట్ల నారాయణదాసుగారు. అజ్జాడలో పుట్టిన ఆ హరికథా పితామహుడు ఉమర్ ఖయ్యాము రుబాయతులను పారసీకమునుండి సంస్కృతమునకును, అచ్చ తెనుగునకును మార్చినవాడు. ద్వారము వేంకటస్వామినాయుడుగారు 1919లో ఆ పాఠశాలకు విద్యార్థిగా చేరుటకు వచ్చిరట. ఆయన వాయులీనము విన్న పిదప చేర్చుకొన్నది విద్యార్థిగా కాదు, అధ్యాపకునిగా. 1936లో ఆయనయే ప్రధానాధ్యాపకులైరి. చేతిలోని ప్రజ్ఞను చూచి, చేతిలోని పత్రమును అడుగక, పీట వేసిన యూరది.

మూడవది, మాట. తరగతి గదిలో గంట కొట్టగానే చదువు ముగిసినచో అది ఉద్యోగశిక్షణ మగును గాని విద్య కాదు. మహారాజావారి కళాశాలలో ఆంగ్లము బోధించిన రోణంకి అప్పలస్వామిగారును, శ్రీకాకుళమున పుట్టి విజయనగరమున స్థిరపడిన కథకులు చాగంటి సోమయాజులుగారును, కవి శ్రీరంగం నారాయణబాబుగారును మిత్రులు. ఒకరు పంతులు, తక్కిన యిద్దరు కారు. ఆ భేదము వారి ముచ్చటలకు అడ్డు రాలేదు. ఆ కళాశాలకు చదువ వచ్చిన ఆరుద్రగారు కూడ ఆ సావాసమున పదును తేలినవారే. పాఠ్యప్రణాళికలో లేని చదువు అరుగులమీద నడచినది. దానికి రుసుము లేదు, పరీక్ష లేదు. ఫలితము మాత్రము సాహిత్యచరిత్రలో నిలిచినది.

నాలుగవది, తన లోపమును తాను వినగల ఓర్పు. ఇది అన్నిటికంటె అరుదు. ఆనందగజపతి మహారాజావారు విశాఖపట్టణపు జిల్లాలో కన్యాశుల్కము పుచ్చుకొని జరిపిన బ్రాహ్మణ వివాహముల పట్టిక వ్రాయించిరి. మూడేండ్లలో 1034 లెక్కకు వచ్చినవి. అమ్ముడుపోయిన వారిలో ఊయలలోని పసికందులును గలరు. గురజాడవారు ఆ దురాచారముమీద నాటకము వ్రాసిరి. 1892లో విజయనగరముననే దానిని ప్రదర్శించిరి. 1897లో అచ్చై మహారాజావారికే అంకితమైనది. అందులోని బోగమువీథియు, అగ్రహారమును, వకీలును, పంతులును ఆ ప్రాంతపు వారే. తన మొగమును అద్దములో చూచి నవ్వగలిగిన యూరు కనుకనే కన్యాశుల్కము అచట పుట్టినది.

ఓర్పు లేనిచోట ఏమగునో సీమదేశపు కథ యొకటి చెప్పెదను. ఆక్స్‌ఫర్డులో 1209లో ఒక హత్యకై ఊరివారు కోపించి, దానితో సంబంధము లేని విద్యార్థులను పట్టి ఉరితీసిరి. పండితులును విద్యార్థులును ఊరు విడిచిపోయిరి. వారిలో కొందరు చేరిన చోటే కేంబ్రిడ్జి. ఊరు తరిమినచో విద్య ఏడ్చుచు కూర్చుండదు. మరియొక యూరిని వెదకుకొనును. నష్టము తరిమిన యూరిదే.

అయిదవది, అందరికిని తెరచిన పుస్తకశాల. కళాశాలకు పోవు యోగము కొందరిది; చదువు హక్కు అందరిది. కాళీపట్నం రామారావు మాస్టారు మురపాకలో పుట్టి, విశాఖపట్టణమున బడిపంతులుగా పనిచేసి, తమకు వచ్చిన పురస్కారధనమును కూడ వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయము స్థాపించిరి. ఎక్కడెక్కడి పత్రికలలోనో చెదరిన తెలుగు కథలను ఒకచోట చేర్చిరి. 2021లో ఆయన గతించిరి, తలుపు మూతపడలేదు. నేడు తెలుగు కథపై పరిశోధన చేయువారు శ్రీకాకుళపు దారి పట్టవలసినదే. రాజు లేడు, కోట లేదు. ఒక బడిపంతులు తన యూరిని విద్యాస్థానముగా చేయగలిగెను. ఈ మాట మనవంటి గ్రంథాలయమువారు గుండెలో వ్రాసికొనదగినది.

ఇక నా మాట. నేను 1960ల నడుమ విజయనగరమున చదివితిని. అయ్యకోనేటి గట్టున ఒక చిన్న గది అద్దెకు తీసికొంటిని. ఇంటి యజమానురాలు వితంతువు. ఆమెకు అక్షరము రాదు. రాత్రులు నేను పాఠము చదువుచుండగా వాకిట కూర్చుండి వినెడిది. "రాత్రి సదివినావే, ఆ రాజుగోరి కత, అది మల్లా సదువు బాబూ" అని యడిగెడిది. ఒక యేడు నేను పరీక్ష తప్పితిని. మూట కట్టుకొని ఊరికి పోవ సిద్ధపడితిని. అద్దె బాకీ కూడ నుండెను. ఆమె గుమ్మమున నిలిచి, "ఏడు పోతే పోనాది బాబూ, సదువు పోనేదు గదేటి? అద్దె సంగతి మల్లా సూసుకుందుం, మూట దింపు" అనెను. నేను మూట దింపితిని. నేడు మీ యెదుట నిలిచి మాటాడుచున్నానన్న ఆ మూట దింపుటవలననే. కళాశాలవారు నాకు పట్టమిచ్చిరి. ఆమె నాకు మరియొక యేడు ఇచ్చినది. రెంటిలో ఏది పెద్దదో నేటికిని తేల్చుకొనలేకున్నాను.

ఇప్పుడు మన ప్రాంతమున విద్యాసంస్థలకు కొరత లేదు. కోరుకొండ సైనిక పాఠశాల 1962లో వచ్చినది. విజయనగరమున 2007లో సాంకేతిక విశ్వవిద్యాలయపు కళాశాలయు, ఎచ్చెర్లలో 2008లో అంబేద్కరు విశ్వవిద్యాలయమును, విజయనగరము జిల్లాలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును నెలకొన్నవి. ఒకప్పుడు మనవారు కలలోనైన తలచని సంపద యిది. కాని పెక్కు కళాశాలలు నేడు ఊరికి దూరముగ పొలముల నడుమ ఉన్నవి. బస్సు పిల్లవానిని తెల్లవారుజామున ఎక్కించుకొని చీకటిపడునప్పటికి దింపును. నాలుగేండ్లు చదివి, ఆ యూరిలో ఒక్క గడపయైన తొక్కక, ఒక్క సభయైన వినక, పట్టము చేతబట్టుకొని వచ్చువా రెందరో! తప్పు పిల్లలది కాదు. ఊరును కళాశాలయు ఒకరినొకరు పలుకరించుట మానినవి.

నిరుడు మన గ్రామపు బాలిక యొకతెకు పట్టణమున మంచి చదువులో చోటు దొరకినది. వసతిగృహమున చోటు దొరకలేదు. తలిదండ్రులకు తెలిసిన యిల్లు లేదు. రెండు నెలలు రోజునకు రెండు బస్సులు మారి పోయివచ్చి, ఆ పిల్ల చదువు మానినది. ఆ సంగతి నాకు తెలిసినది ఈ మధ్యనే. మన గ్రామమునుండి పోయి విజయనగరమునను, శ్రీకాకుళమునను ఇండ్లు కట్టుకొన్నవారు ఎందరు లేరు? ఆ పిల్లకు ఒక గది ఇయ్యగలవారు వారిలో ఒక్కరైన లేకపోయిరా? ఉన్నారు. వారికి తెలియదు, ఆమెకు తెలియదు. తెలుపువారు లేకపోయిరి. ఆ తప్పులో నా పాలు కూడ నున్నది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి మూడు విన్నపములు చేయుచున్నాను. ఒకటి: పట్టణములలో స్థిరపడిన మన గ్రామస్థుల పట్టిక మన గ్రంథాలయమున నుండవలెను, చదువులకు పోవు పిల్లకైనను పిల్లవానికైనను, కులభేదము లేక, వారియింట నీడ దొరకునట్లు మనమే ఉత్తరము వ్రాయవలెను. మొదట ఆ చదువు మానిన బాలిక కొరకే వ్రాయుదము. రెండు: చదివి ముగించిన పాఠ్యపుస్తకములను అమ్మివేయక ఇచట చేర్చి, అక్కరగలవారికి ఏడాదిపాటు ఇయ్యవలెను. మూడు: సంక్రాంతికి ఇండ్లకు వచ్చిన విద్యార్థులు ఒక సాయంకాలము ఈ యరుగుమీద తాము నేర్చినదానిని ఊరివారికి అర్థమగు తెలుగులో చెప్పవలెను, పెద్దలు ప్రశ్నలడుగవలెను.

విజయనగరమునకు కోట యుండెను. మనకు ఈ రెండు గదులును, ఈ యరుగును ఉన్నవి. కాని అచట చదువును నిలిపినవి గడపలు. గడపలు మనకును గలవు. ఆ పట్టికలో మొదటి పేరుగా పట్టణములోని మా కుమారుని యిల్లు వ్రాసికొనుడు. ఒక గది ఖాళీగా నున్నది, కోడలితో మాటాడియే వచ్చితిని. రెండవ పేరు ఈ సభనుండి రావలెనని కోరుచు, మీయందరివద్ద సెలవు గైకొనుచున్నాను.