వడ్డీ లేని విధానానికి అపకీర్తి ఎందుకు?



ఒక ఆర్థిక సిద్ధాంతానికి చెడ్డపేరు దాని గ్రంథాల వల్ల వచ్చేది తక్కువ; దాని పేరు పెట్టుకొని సాగిన వ్యాపారాల వల్ల వచ్చేదే ఎక్కువ. ఇస్లామీయ ఆర్థిక విధానం విషయంలో మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో జరిగినది ఇదే. ఇక్కడ వడ్డీ లేని పొదుపు గురించి మాట్లాడబోతే, "హీరా గోల్డు వంటిదేనా?" అన్న ప్రశ్న ముందుగా ఎదురవుతున్నది.

తిరుపతిలో బాలికల మదరసా నడిపిన మహిళ స్థాపించిన హీరా గ్రూపు, హలాల్ లాభం పేరిట పెట్టుబడులు సేకరించింది. చెల్లింపులు నిలిచిపోయిన పిదప 2018 అక్టోబరులో సంస్థ అధిపతిని పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి ఏడాది బెంగళూరులో ఐ.ఎం.ఏ. సంస్థ కూలిపోయింది. దోషం నిర్ణయించవలసినవి న్యాయస్థానాలు. అది మా పని కాదు. ఇటువంటి పథకాలలో ఇస్లామీయ విధానం పాలు ఎంత అన్నదే మేము పరిశీలించదలచిన అంశం.

హీరా పథకాలు ఏడాదికి 36 శాతం వరకు రాబడి ఆశ చూపాయని అభియోగం. మన ఊళ్ళ లెక్కలో అది నూటికి మూడు రూపాయలు! నెలనెలా ఇంత వస్తుందని ముందే ఖాయం చేస్తే, దానికి ఏ పేరు పెట్టినా అది వడ్డీయే. ముదారబా పద్ధతి వేరు. సొమ్ము ఒకరిది, శ్రమ మరొకరిది. లాభాన్ని ముందు ఒప్పుకొన్న వాటాల ప్రకారం పంచుకుంటారు. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర పడిపోతే సొమ్ము పెట్టినవారు సొమ్ము నష్టపోతారు. వ్యాపారం చేసినవారికి శ్రమ వృథా అవుతుంది. నష్టం మాట ఎత్తని ఒప్పందానికి ఈ విధానంలో చోటు లేదు.

ఇక్కడ మరొక అన్యాయం కూడా ఉన్నది. అగ్రిగోల్డు వ్యవహారంలో సుమారు 32 లక్షల మంది డిపాజిటుదారులు నష్టపోయారు. దానిని ఎవరూ ఏ మతానికీ అంటగట్టలేదు, అంటగట్టకపోవడమే న్యాయం. అదే న్యాయం మన విషయంలోనూ పాటించాలని అడిగే హక్కు మనకున్నది. అయితే ఆ హక్కుతోపాటు ఒక బాధ్యత కూడా ఉన్నది. ధార్మికుల వద్ద లెక్క అడగడమంటే వారిని అనుమానించడమేనన్న భావన మన సమాజంలో బలంగా ఉన్నది. మోసానికి ద్వారం తెరిచేది ఆ మొహమాటమే.

ఈ అపకీర్తి వల్ల అసలు నష్టం పేదలకే. వడ్డీ లేని బ్యాంకింగుకు అవకాశం కల్పించాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించినట్లు రిజర్వు బ్యాంకు 2017లో తెలిపింది. మిగిలిన ఆధారం బైతుల్ మాల్ వంటి స్థానిక సంస్థలే. వాటిపైనా నమ్మకం పోతే, తోపుడుబండి నడిపే సోదరుడు మళ్ళీ రోజువారీ వడ్డీకే పోవలసి వస్తుంది.

కాబట్టి సొమ్ము ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. చేసే వ్యాపారమేది? నష్టం ఎవరిది? లెక్కలు తనిఖీ చేసేదెవరు? ప్రజల నుండి సొమ్ము సేకరించడానికి చట్టప్రకారం అనుమతి ఉన్నదా? జవాబులు కాగితంపై సంతకంతో ఇవ్వనివారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మన బైతుల్ మాల్‌లు కూడా ప్రతి నెలా జమాఖర్చులను మసీదు నోటీసు బోర్డుపై అంటించాలి. పోయిన పేరు ప్రసంగాలతో తిరిగి రాదు, లెక్కలతోనే వస్తుంది.