రీస్టార్ట్ నొక్కే ముందు



మన కోలారు జిల్లా శ్రీనివాసపురంలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. ఇంటి భాష కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను. స్నాతకోత్సవంలో పెద్ద పెద్ద కలల గురించి చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం మాటిమాటికీ పడిపోయే కంప్యూటర్ గురించి చెప్తాను. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామందికి బెంగళూరులో మొదట దొరికేది సపోర్ట్ ఉద్యోగమే. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇప్పుడు ఎన్నో ఆఫీసుల్లో బల్ల మీద కనిపించేది తెర, కీబోర్డు, మౌసు మాత్రమే. అసలు మెషీన్ ఎక్కడో డేటా సెంటర్‌లో, నలుగురితో పాటు ఒకే సర్వర్‌ను పంచుకునే వర్చువల్ డెస్క్‌టాప్. అది రోజూ నీలి తెర చూపించి పడిపోతోందనుకోండి. యూజర్ ఫోన్ చేస్తాడు, మీరు ‘రీస్టార్ట్ చేయండి సార్’ అంటారు, అది లేస్తుంది, ఫిర్యాదు టికెట్ క్లోజ్. మర్నాడు మళ్లీ అదే ఫోన్.

ఇక్కడో మెలిక ఉంది. చాలాచోట్ల ఈ డెస్క్‌టాప్‌లు లాగాఫ్ అయినా, రీస్టార్ట్ అయినా తిరిగి మూల ఇమేజ్‌లోకి, అంటే అందరికీ ఒకటే అయిన మాస్టర్ కాపీలోకి, పోయేలా పెడతారు. ఈవెంట్ లాగ్ పోతుంది, క్రాష్ అయిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు, అంటే మెమరీ డంప్, పోతుంది. అంటే ఆధారాన్ని మన చేత్తోనే చెరిపేశామన్నమాట! కాబట్టి ముందు తెర మీది స్టాప్ కోడ్ రాసుకోండి. లాగ్‌లూ డంపూ చెరిగిపోని డిస్క్‌లో పడేలా మార్పించండి. ఆ తర్వాత నొక్కండి రీస్టార్ట్.

పడేది ఒక్క మెషీనేనా? అయితే ఆ యూజర్ ప్రొఫైల్ చూడండి, అతను తగిలించే యూఎస్‌బీ పరికరాలు చూడండి. ఒకే సర్వర్ మీదివన్నీ పడుతుంటే అక్కడి మెమరీ, స్టోరేజీ చూడాలి. సర్వర్లు వేరైనా ఇమేజ్ ఒకటే అయితే, ఈమధ్య అందులో చేరిన డ్రైవరో అప్‌డేటో అనుమానితుడు. ఒకసారికి ఒక్కటే మార్చండి. అయిదు మార్పులు కలిపి చేసేస్తే, కుదుటపడ్డా ఏది కుదిర్చిందో తెలీదు.

ఇలా ఆధారాలు పట్టుకుని కారణం వెతకడం మనకు కొత్త కాదు. మన పక్కనే కేజీఎఫ్, కోలార్ బంగారు గనుల ఊరు, ఉంది. అక్కడి గనులు మూడు కిలోమీటర్ల లోతు దాటాయి. లోతుకు తవ్వేకొద్దీ ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలేది. రాక్‌బర్స్ట్ అంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. గనులవాళ్లు పడిన రాళ్లు ఎత్తిపోసి ఊరుకోలేదు. ఏ కంపనం ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో పరికరాలు పెట్టి నమోదు చేశారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ 1988లో మొదలైంది అక్కడే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి గానీ ఆ పద్ధతికి కాలదోషం పట్టలేదు.

2024 జులై 19 గుర్తుందా? ఉదయం 9:39కి సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు కూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. కారణం వింటే నవ్వొస్తుంది: 20 విలువలు అందుతున్నచోట ప్రోగ్రామ్ 21వ దాన్ని చదవబోయింది. గంటన్నర లోపే ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే కూలినవి లేస్తూ పడుతూనే ఉన్నాయి. అజ్యూర్ క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్లను కొందరు 15 సార్ల దాకా రీస్టార్ట్ చేస్తే గానీ లేవలేదని మైక్రోసాఫ్టే చెప్పింది. కూలేలోపు సరైన ఫైలు దిగితే బతికినట్టు! అలా లేవనివాటికి డిస్క్ విడదీసి, మరో మెషీన్‌కు తగిలించి, చెడ్డ ఫైలు తీసేసి మళ్లీ బిగించారు. రీస్టార్ట్ పనికిరాదని నేననను. అది ఎందుకు పనిచేసిందో తెలిసి నొక్కమంటున్నాను.

రోజుకెన్ని టికెట్లు మూశారని లెక్కేసే మేనేజర్లు మీకు తగులుతారు. ఒకే మెషీన్ మీద పదిసార్లు టికెట్ మూసినవాడికి మెచ్చుకోలు, ఒకేసారి కారణం పట్టుకున్నవాడికి మందలింపు! ఆ లెక్క శుద్ధ తప్పు. గొడవపడక్కర్లేదు, పాత టికెట్లన్నీ తేదీ, టైముతో ఒక షీట్‌లో పెట్టి ఆయన ముందుంచండి.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే రెండు సంగతులు అడిగి తెలుసుకోండి: ఇమేజ్ మార్చే అధికారం ఎవరిది, క్రాష్ అయితే డంప్ ఎక్కడ పడుతుంది.