నాచును తడిపి ముట్టుకొందాము



బెంగళూరులో స్థిరపడిన మన కుటుంబాలలో మేడమీది కుండీలలో మర్రిని, రావిని, కాగితపు పూల చెట్టును బోన్సాయ్‌గా పెంచుతున్నవారు ఉన్నారు. ఏటా జనవరిలోను, ఆగస్టులోను లాల్‌బాగ్‌లో జరిగే పుష్ప ప్రదర్శనను చూసి ఈ కళకు పూనుకొన్నవారూ ఉన్నారు. ఈ పెంపకంలో తరచుగా అవసరపడే వస్తువు స్ఫాగ్నమ్ నాచు. ఇది చెరువులోని నాచు కాదు. చల్లని ప్రాంతాల బురదనేలలలో పెరుగుతుంది. ఎండిన నాచు తన బరువుకు 15 నుండి 20 రెట్ల నీటిని పీల్చుకొంటుంది. అందుకే గాలి అంటు కట్టడానికి, కుండీలో మట్టి తేమ ఆరిపోకుండా పైన కప్పడానికి దీనిని వాడుతారు.

అయితే ఈ నాచులో స్పోరోథ్రిక్స్ అనే శిలీంధ్రం ఉండవచ్చును. ముల్లు గాని, బోన్సాయ్ తీగ గాని గుచ్చుకొన్న చోటినుండి అది చర్మంలోనికి ప్రవేశిస్తుంది. 1988లో అమెరికాలో ఇటువంటి నాచులో చుట్టిన మొక్కలను నాటినవారిలో, 15 రాష్ట్రాలలో 84 మందికి ఈ వ్యాధి సోకింది.

కాబట్టి నాచును పొడిగా ఉన్నప్పుడు నలపరాదు, జల్లించరాదు. ఆరుబయట, గాలికి వీపు పెట్టి కూర్చుని, చేతితొడుగులు, ముఖానికి మాస్కు ధరించి, పొట్లం విప్పగానే మొదట నీరు చిలకరించవలెను. అరగంట నానిన పిమ్మట పుల్లలు ఏరి, నీరు పిండి, కత్తెరతో ముక్కలు చేయవలెను. ఆ కత్తెర, ఆ పాత్ర వంటింటికి రాకూడదు. వేడినీరు పోశాము గదా అని తొడుగులు మానరాదు. చేతిమీద గాయముంటే ముందే కట్టు కట్టుకోవలెను. పని ముగిశాక సబ్బుతో మోచేతుల వరకు కడుగుకోవలెను. మిగిలిన నాచును పొడిగా, మూత బిగించి, పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

ఒకటి నుండి 12 వారాలలోగా చేతిమీద నొప్పి లేని చిన్న గడ్డ లేచి, పుండై మానకపోయినా, దానిపైన చేతి పొడవునా వరుసగా మరికొన్ని గడ్డలు కనిపించినా ఉపేక్షించరాదు. సాధారణ యాంటీబయాటిక్ మందులకు ఇది లొంగదు. శిలీంధ్రానికి తగిన మందును నెలల తరబడి వాడవలసి ఉంటుంది. వైద్యుడు అడుగకపోయినా, “నేను నాచుతో పని చేశాను” అని మనమే చెప్పవలెను. భాష రాదని సంకోచము వద్దు. మనము పాచి అనేదానిని కన్నడిగులూ పాచి అనే అంటారు. ఆ ఒక్కమాట సరైన పరీక్షకు దారి చూపుతుంది.

చివరిగా ఒక మనవి. మన చెట్టును మనము చూసి ఆనందిస్తాము. నాచును పిసికేది చాలాచోట్ల తోటమాలి. తొడుగులు ఒక జత మనకు కొన్నప్పుడు మరొక జత ఆయనకూ కొందాము. చెట్టు పొట్టిదైనా, దానిని సాకే చేతుల ఆరోగ్యము చిన్న విషయము కాదు.